ఏ వాకిలిదీ కాని ముగ్గు

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాసేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. తప్పులు కనిపిస్తే మీరే సరిచేసుకుని చదవండి. కథను మాత్రం మధ్యలో వదలకండి.

*

పోలేశ్వరి సింహాలమ్మ వాకిట్లో గొంతుక్కూర్చుని పిండి చిటికెలోకి తీసుకుంది. నీళ్లకు మూడు వరసల చుక్కలు పెట్టింది. మందులకు పక్కన ఒక విడి చుక్క పెట్టింది. ఇంట్లో ఉన్నది ఒక్క ముసలి ప్రాణమే కాబట్టి వాటన్నిటినీ చుట్టి ఒకే గీత తిప్పింది. సందు మొదట్లో, ముగ్గు చదివి ఇంటికి కావలసిన సరుకు దించే చూపుబండ్లు అప్పటికే వరసకట్టి, ముందుకంటిని నేలకు వంచి నిలబడ్డాయి.

గుమ్మాల మీది అచ్చుగుర్తులకు నకళ్లు తీసి దొంగలు ఊరి నీళ్లన్నీ తోడుకుపోయిన ఏటినుంచి బండ్లు అచ్చును నమ్మడం మానేశాయి. అవి చేతిని నమ్ముతాయి. పోలేశ్వరి వేళ్లలోంచి పిండి ఎలా జారుతుందో, మలుపు దగ్గర ఎక్కడ సన్నబడుతుందో వాటికి తెలుసు. ఆమె వేసిన ముగ్గును ఇంకొకరు చెరిపితే ఆ వీధికి బండి రాదు. ఏ బండీ ముగ్గు మీదుగా చక్రం పోనివ్వదు. ఆ మర్యాద వాటికి నేర్పింది పాతకాలపు ఆడవాళ్లేనంటారు.

గీత ముగియాల్సిన చోట ఆమె చెయ్యి ఆగలేదు. చుక్కలు దాటి బయటికి వెళ్లి, వంగి, చేపతోకలా రెండుగా చీలి వెనక్కి తిరిగింది.

ఎదురు వరస వాకిళ్లకు ముగ్గులేసేది దాలమ్మ. ఆమె తల ఎత్తి చూసింది.

"ఒలే పోలీ, ఏటే అది? సుక్కల్లేని కాడికి ఎలిపోనావు?"

"సెయ్యి జారింది."

"జారితే పిండి పడతాది గానీ తోకెలగ మొలుస్తాదే?"

పోలేశ్వరి బదులు చెప్పేలోగా బండి వచ్చేసింది. కన్ను తోక మీద కాసేపు నిలిచింది. చుక్కల బయట మెలిక ఉంటే ఆ ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టు లెక్క. "కొత్త ప్రాణానికి స్వాగతం" అంటూ బండి రెండు పాలసీసాలు, ఒక ఊలు టోపీ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

సింహాలమ్మ కర్ర ఊతంగా బయటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. పాలసీసాలను చూసింది, టోపీని చూసింది.

"ఓలమ్మ! నాను పురుడోసుకున్నానేటే? నాకు సెప్పనేదు ఎవులూ!"

దాలమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. సింహాలమ్మ టోపీని నెత్తిన పెట్టుకుని ముగ్గు మీదికి వంగింది.

"ఇదెవులికి ఏసినావే?"

"ఎవులికీ కాదు, పెద్దమ్మా."

"మరందుకే ఇంత బాగున్నాది."

బాగానే ఉంది కానీ మందులు రాలేదు. పోలేశ్వరి తోకను తుడిచేసి గీతను కుదురుగా ముగించింది. రెండోసారి వచ్చిన బండి మందుబిళ్లలు ఇచ్చింది. తడిగుడ్డతో తుడిచేటప్పుడు ఆ తోక కొసను మాత్రం పోలేశ్వరి ఆఖరుదాకా ఉంచింది.

వాకిళ్ల మేస్త్రీ తవిటినాయుడికి సంగతి అప్పుడే చేరింది. చంకలో ఒక చిన్న పెట్టె పెట్టుకుని వచ్చాడు.

"మొన్న పువ్వు. నిన్న ఏనుగు తొండం. ఇయాల ముసల్దానికి పురుడు. పైవోళ్లు నన్ను సూసి నవ్వుతున్నారే!" పెట్టె తెరిచాడు. లోపల మణికట్టుకు బిగించే మణిపట్టీ సన్నగా మెరిసింది. "సెయ్యి సాపు. ఇది కట్టుకున్నావంటే కొలువు ఖాయం. కొండమీద ఇల్లు. వరద నీ గుమ్మం కాడికి రాదు."

మణిపట్టీ ఒకసారి బిగిస్తే నరంలో కలిసిపోతుంది. ఇక విప్పడం కుదరదు. కేటాయించిన గీత తప్ప ఇంకో గీతను రానివ్వదు. దాలమ్మ ఎప్పుడో కట్టించుకుంది. ఇప్పుడు ఆమె కూరలో ఉప్పు వేసినా చుక్కల వరసలోనే పడుతుంది. నిద్రలో కూడా ఆమె వేళ్లు అవే మలుపులు తిరుగుతుంటాయని ఆమె మొగుడు చెబుతాడు.

"కట్టుకోయే," అంది దాలమ్మ నెమ్మదిగా. "కొండమీద గాలి బాగుంటాది."

"తప్పయిపోనాదని ఒక్క మాట అనీ. అయిపోద్ది," అన్నాడు తవిటినాయుడు.

పోలేశ్వరి నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. పువ్వు వేసేముందు ఆమెకు పువ్వు తెలుసు. తొండం ఏ వైపుకి చుట్టాలో ముందే అనుకుంది. ఈ తోకను పొద్దున ముఖం కడుక్కుంటున్నప్పుడే నీళ్లలో చూసింది. చెయ్యి జారింది అనడం ఒట్టి మాట. ఇన్నాళ్లూ పాపం ఆ చేతి మీద నెపం పెట్టింది. అలా వేయాలని కోరుకున్నది తానే.

"తప్పు కాదు బావూ. నానే ఏసినాను. ఏద్దామనే ఏసినాను."

"ఏసి?"

"ఇంకా ఏస్తాను. నాకదే పని గావాల."

"అదీ ఒక పనేటే? దానికి కూలెవుడిస్తాడు?"

"తెల్దు. నువ్వయితే ఇవ్వవు కదా, నీకెందుకు బెంగ?"

మిగిలిన వాకిళ్లన్నీ తప్పు లేకుండా వేసింది. ఎవరి మందూ ఆగకూడదు. తరువాత పిండిగిన్నె నడుముకు ఎత్తుకుని కూడలికి నడిచింది. నాలుగు వీధులు కలిసే చోటు అది. అక్కడ ఏ ఇల్లూ లేదు, ఏ గుమ్మమూ లేదు.

చుక్కలు పెట్టలేదు. నడిరోడ్డున కూర్చుని తోకతో మొదలుపెట్టింది. తోకకు చేప వచ్చింది. చేప నోట్లోంచి పాదు సాగింది. ఆ పాదు చివర కాయకు బదులు ఏనుగు కాసింది. చెయ్యి ఎక్కడికి పోతుందోనని ఇప్పుడు భయం లేదు. ఎక్కడికి పోవాలో ఆమెకు తెలుసు, తెలియని చోట ఆగి ఆలోచించుకుంటోంది.

పక్క వీధులకు పోవాల్సిన బండ్లు ఒక్కొక్కటే వచ్చి ముగ్గు అంచున ఆగాయి. కాసేపటికి నాలుగు వైపులా బారులు తీరాయి. రావాల్సిన నీళ్లు రాలేదేమని జనం గుమ్మాలు దాటి వచ్చారు. బండ్ల దగ్గర తమ బిందెలు, తమ మందులు తామే దించుకున్నారు. దించుకున్నాక కూడా కదలలేదు. ఒకే వీధిలో ఉంటూ ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్లు పక్కపక్కన నిలబడి నేలకేసి చూస్తున్నారు.

"ఆ ఏనుక్కి కన్నేదమ్మా?" అని అడిగాడు ఒకాయన.

"ఉండు బావూ, ఒస్తాది. తొందర పడితే మెల్లకన్నవుద్ది."

తవిటినాయుడు జనాన్ని తోసుకుంటూ వచ్చి ముందున్న బండి మీద అరచేత్తో కొట్టాడు.

"తొక్కీ! ఎల్లు!"

"ముగ్గు ఉంది. తొక్కరాదు."

"అది ముగ్గు కాదే, పిచ్చిగీత!"

"చెయ్యి తెలిసినదే," అంది బండి.

అతను పోలేశ్వరి వైపు తిరిగాడు. "నువ్వే సెరపాల. ఇంకెవులు సెరిపినా ఈ బండ్లు మరి రావు. సెరిపీ. నేకపోతే రేపట్నించి నీకు ఈ ఊర్లో వాకిలి నేదు."

"సెరపను."

ముందున్న బండి కన్ను మెల్లగా ముగ్గంతా తిరిగింది. చేపను చూసింది, పాదును చూసింది, కన్నులేని ఏనుగు దగ్గర ఆగింది. ఇంట్లో ఎంతమందో, ఎన్ని బిందెలో చెప్పే చుక్క ఒక్కటీ దానికి దొరకలేదు.

"ఇల్లు తెలియలేదు," అంది చివరికి. "ఈ వాకిలికి ఏమి కావాలి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పోలేశ్వరి నడుం నిలబెట్టి గిన్నెలోకి చూసింది. అడుగు కనిపిస్తోంది.

"పిండి," అంది. "శానా పిండి."

బండి వెనక్కి తిరిగింది. దాని వెనక బండి తిరిగింది. నాలుగు వీధుల్లోని బండ్లూ ఒకదాని వెంట ఒకటి గిడ్డంగి వైపు కదిలాయి. తవిటినాయుడు పెట్టె చేత్తో పట్టుకుని వాటికేసి చూస్తూ నిలబడిపోయాడు.

"పక్కకి జరుగు, బావూ," అంది పోలేశ్వరి. "నీ కాలికింద సెవి రావాల."

*

బోనెల పైడితల్లి, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది సాలూరులో.