సున్నం కింద పేరు

"మా నాన్న సమాధిరాయి ఎత్తుకుపోయారమ్మా!"

వన్ టౌన్‌లో డిటెక్టివ్ మనోజ్ఞ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన అమలమ్మ గుమ్మంలోంచే అంది. అసిస్టెంటు జాన్ పాల్ కుర్చీ వేశాడు. ఆమె చెప్పింది వింటుంటే అతనికి ఒళ్ళు మండిపోయింది. కంకిపాడు అవతల వాళ్ళ శ్మశానాన్ని వెంకటకృష్ణారావు తన చేపల చెరువులో కలుపుకోబోతున్నాడు. ఆ సమాధులు నిన్నమొన్న కట్టినవని కోర్టులో అతని వాదన. పాత తేదీ చెక్కిన రాయి అదొక్కటే. రేపే కోర్టు కమిషనర్ వచ్చి స్థలం చూస్తారు. బతికుండగా సెంటు నేల దక్కనివ్వనివాళ్ళు, చచ్చాక ఆ ఆరడుగులూ లాక్కుంటారా!

"ఆ తేదీ సంగతి ఎవరికి తెలుసు?" మనోజ్ఞ అడిగింది.

"రాళ్ళకి సున్నం వెయ్యకముందు మా వకీలు జయంత్ గారికే చూపించానండి. పేదోళ్ళ కేసులు ఉచితంగా చూసే సంస్థ ఆయనది. కమిషనర్ గారొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. దేవుడులాంటి మనిషి."

మధ్యాహ్నానికి ముగ్గురూ శ్మశానం చేరారు. సమాధుల పండుగకు దట్టంగా వేసిన సున్నంతో రాళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్క అక్షరమూ కనిపించడం లేదు. మనోజ్ఞ ప్రతి రాయినీ తడిమి చూసింది. రాయి పెకలించిన గోతి నుంచి చెరువు తూము దాకా తెల్లటి చారలున్నాయి. ఆమె వెంకటకృష్ణారావునీ, జయంత్‌నీ అక్కడికే పిలిపించింది.

"నాకేం తెలుసండీ? అన్నీ తెల్లరాళ్ళేగా!" అన్నాడు వెంకటకృష్ణారావు.

"దొంగ సున్నం గోకి, చదువుకుని పట్టుకెళ్ళుంటాడండి," అన్నాడు జయంత్.

"గోకితే మిగతా రాళ్ళమీద గీతలుండాలిగా? ఒక్కటీ లేదు," అంది మనోజ్ఞ. "దొంగ వెతకలేదు, తిన్నగా వచ్చాడు. ఎవరి సమాధి ఏదో ఊరందరికీ తెలుసు. కానీ కేసుని నిలబెట్టే తేదీ దేనిమీదుందో తెలిసింది అమలమ్మగారికీ, మీకూ మాత్రమే, జయంత్ గారూ. జాన్ పాల్, తూములో చూడు."

జాన్ పాల్ చొక్కా అయినా విప్పకుండా దూకాడు. బురదలోంచి రాయి పైకొచ్చింది. జీవరత్నం, 1968.

"డబ్బు పుచ్చుకుని చూపించింది ఆయనేనండీ! మావాళ్ళు మోశారంతే!" వెంకటకృష్ణారావు జయంత్ వైపు వేలు చూపించాడు.

జయంత్ తల దించుకున్నాడు. జాన్ పాల్ పిడికిలి బిగించి ముందుకు రాబోతే అమలమ్మ చేయి అడ్డం పెట్టింది. పమిట చెంగుతో రాయి మీది బురద తుడిచి లేచి నిలబడింది.

"ఫీజొద్దంటే రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను బాబూ," అంది. "నా దణ్ణం నాకిచ్చెయ్యి."