అవ్వకు లబన్ వైద్యం

"తాగవ్వా, ఇంకొంచెమే!"

చరిత లబన్ గ్లాసు పట్టుకుని అవ్వ వెనకే తిరుగుతోంది. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి బాల్కనీకి. పిల్ల కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు!

విజిట్ వీసా మీద చిత్తూరు నుంచి సౌదీలోని అల్ ఖోబార్ వచ్చిన అలివేలుమంగవ్వ ఈమధ్య పేర్లు మరిచిపోతోంది. పాలు, పెరుగు తీసుకునే పెద్దవాళ్లకు మతిమరుపు తక్కువేమోనని డాక్టర్లు పరిశీలిస్తున్నారట. నాన్న నిన్న పేపర్లో చదివి వినిపించాడు. అంతే, చరితకు నిద్ర పట్టలేదు. అవ్వ రేపు తననే మరిచిపోతే? పొద్దున్నే నాన్నను కింద కొట్టుకు లాక్కెళ్లి పెద్ద లబన్ డబ్బా కొనిపించింది.

"మజ్జిగే కదమే ఇది! కడుపులో చోటుండొద్దా?" అవ్వ నవ్వుతూనే తాగింది.

మూతి తుడుచుకోనైనా లేదు, ప్రశ్న పడింది.

"ఈరోజు స్కూలు సెలవు. ఏ వారం చెప్పు?"

"ఆదివారం."

"అయ్యో, శుక్రవారం! ఇక్కడ సెలవు ఆదివారం కాదు! సరే, పై ఇంటి ఆంటీ పేరు?"

అవ్వ పెదవులు కదిలాయి. పేరు రాలేదు.

"నిన్ననే చెప్పా కదవ్వా! తాగు, ఇంకో గ్లాసు తాగు!"

అవ్వ నవ్వు ఆగిపోయింది. గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. భోజనానికి పిలిచినా రాలేదు. గలగలా మాట్లాడే అవ్వ నోటికి తాళం పడింది. చరిత అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా, లబన్ పనిచెయ్యలేదు!"

"అదేమన్నా మంత్రమా? పాలూ పెరుగూ ఒంటికి మంచివే. మతిమరుపును ఆపుతాయో లేదో డాక్టర్లకే ఇంకా తేలలేదు," అంది అమ్మ.

చరిత గదిలోకి తొంగి చూసింది. "మాట్లాడవ్వా."

"ఏం మాట్లాడేదిమే? నోరు తెరిస్తే తప్పే వస్తా ఉండాది. నీ ముందర సిగ్గుగా ఉండాది నాకు."

చరితకు ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ తనను మరిచిపోతుందని భయపడింది కానీ, అవ్వకూ భయం ఉంటుందని తట్టనే లేదు. వెళ్లి పక్కన కూర్చుంది.

అంతలో బెల్ మోగింది. నాన్న స్నేహితుడు జునైద్ అంకుల్ ఖర్జూరాల డబ్బాతో వచ్చాడు. అవ్వను పలకరించడానికి నేరుగా గది గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, బాగుండారా? పోయిన వారం కూడా వచ్చినా. నేనెవరో చెప్పండి చూద్దాం!"

అవ్వ కళ్లు బెదురుగా అటూ ఇటూ తిరిగాయి. చేతులు కొంగు నలుపుతున్నాయి.

చరిత చటుక్కున లేచింది.

"అవ్వా, జునైద్ అంకుల్ వచ్చాడు! మన కడప అంకుల్. నీకోసం ఖర్జూరాలు తెచ్చాడు, చూడు!"

అవ్వ ముఖం విప్పారింది.

"రా జునైదూ, కూర్చో నాయనా. పిల్లోళ్లు బాగుండారా?"

మాట్లాడుతున్నంతసేపూ అవ్వ చరిత చెయ్యి వదల్లేదు.