కితాబుల బంగ్లాల కత్తి చప్పుడు

సిద్దిపేటల చీకటి పడ్డంక చిన్నకోడూరు తొవ్వ వట్టేటోళ్లు ఒక్క జాగ కాడ మాత్రం మాట బందు చేస్తరు. కితాబుల బంగ్లా ముందర.

లోపల్నుంచి ఒక చప్పుడు వస్తదట. ఏడుపు కాదు, గజ్జెల మోత కాదు. సర్ర్... అని వస్తది. కాసేపు ఆగుతది. మళ్ల సర్ర్...

కాయితం కోసే చప్పుడు.

ఈ ముచ్చట నాకు మా మేనమామ సిద్ధిరాములు చెప్పిండు. ఆ బంగ్లా తాళంచెవులు మూడేండ్లు ఆయన మొలతాడుకే ఉండె. ఆయన చెప్పినట్టే చెప్తున్న. నడుమ నడుమ నేను ఊహించుకున్నది కొంత కలిసి ఉంటే ఉండొచ్చు... వెన్నెల రాత్రి ఇట్లాంటి ముచ్చట ఇంటే మనసు ఊకె ఉంటదా?

ఆ బంగ్లా ఎవరో ముసలి వకీలు కట్టించుకున్నది. వారసులు లేక ఖాళీగ పడి ఉండె. లడాయి కాలంల హైదరాబాదు మీద బాంబులు పడ్తయని భయపడి, అక్కడి ఒక పెద్ద కాలేజీ వాళ్లు తమ రసాయనశాస్త్రం పుస్తకాలన్నీ పద్నాలుగు బీరువాలల్ల నింపి, లారీల మీద తెచ్చి అండ్ల పెట్టిన్రు. కావలికి మా మామను పెట్టుకున్నరు. మామకు ఇంగ్లీషు ముక్క రాదు. కాని ఏ పుస్తకం ఏ బీరువాల ఏ అరల ఉన్నదో కండ్లు మూసుకొని తీసి ఇచ్చేటోడు.

ఇంగ్లండు సీమ నుంచి ఓడల మీద కొత్త పత్రికలు వస్తుండె. లోకంల ఎవరు ఏం కనిపెట్టిన్రో అండ్లనే అచ్చయితదట. ఓడ మునిగితే ఆ నెల పత్రిక కూడ మునిగినట్టే. వచ్చినా ఒక్కటే కాపీ. ఇంకొకటి చూడాలంటే బొంబాయి పోవాలె. కట్ట రాంగనే మామ టప్పా ఆఫీసుల ఉత్తరాలు రాసే మున్షీతోని ఒక కార్డు రాయించి హైదరాబాదు పంపేటోడు, ఫలానా పత్రిక ఫలానా నెలది వచ్చింది అని. ఆ కార్డును కాలేజీ గోడకున్న నోటీసు పలకకు గుచ్చుతరు. అది చూసి పరిశోధన చేసే సార్లు బొగ్గుతోని నడిచే బస్సెక్కి సిద్దిపేటకు వచ్చేటోళ్లు.

ఆ పత్రికల సంగతి ఒకటి చెప్పాలె. వాటి పేజీలు అంచుల కాడ మడతలు ఇప్పకుండనే వస్తయి. కత్తితోని మడత కోస్తెనే లోపలి పేజీ కనవడేది. అంటే ఎవడు కోస్తే వాడే మొదలు చదివినట్టు. సార్ల నడుమ ఒక పద్ధతి ఉండె. వ్యాసం మొదటి పేజీ మూలకు, కోసినోడు 'ఒకటి' అని పెట్టి తన పేరు రాస్తడు. ఎనుక వచ్చినోడు 'రెండు' అని రాసి దాని కింద రాస్తడు. గంతే. కాని ఆ ఒకటి కోసం వాళ్లు ఎంత తండ్లాడేటోళ్లో... మనం మనసు పడ్డ పిల్ల కోసం కూడ గంత తండ్లాడమేమో.

అందరికన్న ఎక్కువ తండ్లాడినోడు దామోదర్ అని ఒక సారు. కానుగ గింజల మీద పనిచేసేటోడు. బంగ్లా పక్క అర్రలనే మకాం. ఎముక పిడి కత్తి ఒకటి ఉండె ఆయనకు. కట్ట వచ్చిన రోజు ఆ కత్తి ఇంకొకని చేతికి ఇచ్చేటోడు కాదు. రెండేండ్ల కష్టం ఇగ అచ్చుకు పంపుదామనుకున్న వారంల ఒక పత్రిక వచ్చింది. కోసిండు. చూసిండు.

అదే పని, అదే గింజ... ఎవడో స్వీడను దేశపోడు ముందే అచ్చేసిండు.

దామోదర్ సారు ఏడ్వలే, ఎవల్ని తిట్టలే. మూలకు తన పేరు రాసుకున్నడు, ఒకటి అని. ఆ రాత్రే జ్వరం అందుకున్నది. తొమ్మిదో నాడు పోయిండు. పోయే ముందు మామ చెయ్యి పట్టుకొని, "ఆ స్వీడనోని నాలుగు కాయితాలు కోసి పారెయ్యి సిద్ధిరాములు... అవి ఉండొద్దు" అని ఒక్కటే కలవరింత.

కాలేజీ పుస్తకం ఎట్ల కోస్తడు? మామ కొయ్యలే.

అప్పట్నుంచి ఆ చప్పుడు.

ఇది జరిగిన రెండేండ్లకు, నలభై అయిదుల, మోదుగులు పూసిన కాలం. తొవ్వ పొడుగు చెట్లు మంటలు వెట్టినట్టు ఉండె. ఆ పూల పసుపు రంగుల ఏమున్నదో తేల్చాలని హైదరాబాదుల ఇద్దరు దోస్తులు పనిచేస్తున్నరు. ఒకాయన విశ్వేశ్వర్. ఇంకొకాయన హరికిషన్, హుస్నాబాదు బట్టల షావుకారి కొడుకు. దామోదర్ పోయినప్పటికి వీళ్లు ఆ కాలేజీలకే రాలే. హరికిషనైతే ఆయన మొకం కూడ ఎరుగడు.

ఇద్దరిది ఒకటే గది, ఒకటే పళ్లెం. కాని ఏ పుస్తకం తీసినా ఒకటి విశ్వేశ్వర్, రెండు హరికిషన్. పరీక్షల గట్లనే. పెద్ద ప్రొఫెసరు ఆయనను "విశ్వం" అని పిలుస్తడు, ఈయనను "హరికిషన్ గారూ" అంటడు. ఆ 'గారు' హరికిషన్ చెవుల సూదోలె గుచ్చుకునేది. రాత్రి విశ్వేశ్వర్ హాయిగ నిద్రపోతుంటే, ఆ ఊపిరి చప్పుడుకు ఈయనకు నిద్ర పట్టకపోయేది.

ఇద్దరూ తమ తమ వ్యాసాలు లండను పంపిన్రు. సోమవారం నాడు కాలేజీల మీటింగు. రెండేండ్ల ఫెలోషిప్పు ఒక్కటే ఉన్నది. ఎవని వ్యాసం అప్పటికి అచ్చులకు వస్తే వానికే.

శుక్రవారం పొద్దుగాల పలక మీద మామ పంపిన కార్డు కనవడ్డది. హరికిషన్ అటు ఇటు చూసిండు. కార్డు పీకి జేబుల పెట్టుకున్నడు.

శనివారం దీపాలు పెట్టే యాళ్లకు మా మామ ఇంటి ముందర దిగిండు, ఒక్కడే.

"కట్ట వచ్చిందట గద సిద్ధిరాములు. తాళంచెవి ఇయ్యి."

"పొద్దుగాల చూద్దురు తియ్యి సారు. రాత్రి ఆ ఇంట్ల నేనే ఉండ."

"దయ్యానికి భయపడ్తవా?"

"మామూలు దయ్యమైతే భయమెందుకు సారు? ఇది చదువుకున్న దయ్యం."

పొయ్యి కాడ రొట్టెలు చేస్తున్న మా అత్త కొండవ్వ తల ఎత్తకుండనే అన్నది. "చదువుకున్నోళ్లు బతికి ఉన్నప్పుడే ఎవల మాట ఇనరు. సచ్చినంక ఇంటరా? విశ్వేశ్వర్ సారు ఏడి? ఎప్పుడూ జంటగ వస్తరు గద."

"జ్వరం" అన్నడు హరికిషన్. అబద్ధం.

"అయ్యో. రెండు రొట్టెలు తిని పోన్రి సారు, పచ్చిపులుసు చేసిన."

తినలే. కందీలు పట్టుకొని లేచిండు. మామ తాళంచెవి చేతుల పెట్టుకుంట మెల్లగ అన్నడు. "చప్పుడు ఇనవడితే ఎవలు అని అడుగకున్రి సారు. అడిగితే వాడు జవాబు చెప్తడు."

బంగ్లాల బూజు వాసన. పాత తోలు అట్టల వాసన. బల్ల మీద కట్ట ఉన్నది. లక్క ముద్ర, సెన్సారు వాళ్ల చీటీ, ఏదీ చెక్కు చెదరలే. హరికిషన్ ముద్ర పగలగొట్టిండు. పత్రిక తీసి, కందీలు దగ్గరికి జరుపుకొని వెనుక అట్ట మీది పేర్ల పట్టీల వేలు పెట్టి చదువుకుంట పోయిండు.

వేలు ఆగింది.

విశ్వేశ్వర్. మోదుగు పూల రంగు.

ఇంకొకసారి పై నుంచి కిందికి చదివిండు. హరికిషన్ అనే పేరు ఎక్కడా లేదు.

 ఈ ఒక్క కాపీ సోమవారం దాక కంట పడకపోతే చాలు... ఈ కాయితాలు లేకుంటే చాలు. ఓడల పోయినయనుకుంటరు. ప్రెస్సోడు కుట్టుడు మరిచిండనుకుంటరు. బల్ల మీద ఎముక పిడి కత్తి ఉండె. చెయ్యి దాని మీదికి పోయింది.

సర్ర్...

పక్క అర్రలకెల్లి.

చెయ్యి ఆగింది. ఎలుక అనుకున్నడు. ఎలుక కొరికితే గంత తిన్నగ, గంత సాపుగ చప్పుడు వస్తదా? ఎవడో ఒక మడత కోసి... పేజీ తిప్పి... చదివి... మళ్ల కోస్తున్నట్టు.

సర్ర్...

కానుగ నూనె చేదు వాసన ముక్కుకు తగిలింది. కందీలు వత్తి దానంతట అదే తగ్గింది.  మామ చెప్పింది యాదికున్నది. ఉన్నా...

"ఎవలు?"

చప్పుడు ఆగిపోయింది.  తర్వాత చెవి పక్కకే వచ్చి గుసగుసగ...

"మొదలు నువ్వే కొయ్యి."

హరికిషన్ ఎనుకకు చూడలే. అంత భయంల కూడ ఆ 'మొదలు' అన్న మాట ఆయన లోపల చల్లగ దిగింది. ఇన్నేండ్లల్ల ఎవ్వలూ ఆయనతోని ఆ మాట అనలే.

మడతలు కోసిండు. గుడ్డి వెలుతురుల విశ్వేశ్వర్ పేరు మసక మసకగ కనవడ్డది. పెన్సిలు తీసి ఆ పేజీ మూలకు రాసిండు, 'ఒకటి — హరికిషన్' అని. పోగొట్టే కాయితం మీద పేరు ఎందుకు రాసుకున్నడు? రాసుకోవాలనిపించింది. ఒక్కసారన్న తన పేరు పైన ఉండాలె. ఎవ్వలూ చూడకున్న సరే.

తర్వాత నాలుగు కాయితాలు కుట్టు కాడికి సాపుగ కోసి, మడిచి, కోటు లోపలి జేబుల పెట్టుకున్నడు. తాళంచెవి గుమ్మం మీద పడేసి ఉరికిండు. తెల్లారేదాక బస్సుల అడ్డ కాడ నిలవడి, మొదటి బస్సుకే పోయిండు. జేబు మీది నుంచి చెయ్యి తియ్యలే.

సోమవారం మీటింగు. పెద్ద ప్రొఫెసరు, ఇంకా ఇద్దరు కూసున్నరు. విశ్వేశ్వర్ ఆలస్యంగ, ఆయాసపడుకుంట వచ్చిండు. చంకల ఒక పత్రిక.

"నా వ్యాసం అచ్చయింది సారు. నిన్న సిద్దిపేట పోతే చేతికి దొరికింది."

ప్రొఫెసరు పేజీలు తిప్పి చూసిండు. అన్నీ ఉన్నయి. కొత్తగ కోసిన అంచులు తెల్లగ మెరుస్తున్నయి. "శభాష్, విశ్వం" అన్నడు. ఫెలోషిప్పు గా ఒక్క మాటతోని తేలిపోయింది.

హరికిషన్ మొకంల నెత్తురు లేదు. విశ్వేశ్వర్ వచ్చి పక్కన కూసోంగనే మెల్లగ అడిగిండు. "కట్ట... ఎవలు ఇప్పిన్రు?"

"సిద్ధిరాములే, నా ముందర. లక్క ముద్ర ఎంత గట్టిగుండె అనుకున్నవు, కత్తితోని పొడవాల్సి వచ్చింది. నువ్వు రాకపోతివి హరీ. పలక మీద కార్డు కూడ లేకుండె. ఐతారం సెలవు కద, ఊకెనే పోయిన. కొండవ్వేమో 'జ్వరం తగ్గిందా సారు' అంటది, నాకెక్కడి జ్వరమో." నవ్విండు. పత్రిక ముందరికి జరిపి, పెన్సిలు చేతుల పెట్టిండు. "ఇగో, రెండోది నీకే ఇడిచిపెట్టిన. నా కింద రాయి."

హరికిషన్ పెన్సిలు ముట్టలే. బల్ల కింద, జేబులున్న కాయితాలు తీసి ఇప్పిండు.

నాలుగు కాయితాలు. పాతవి. అంచులు పసుపు పచ్చగ మారినయి. విశ్వేశ్వర్ పేరు లేదు, మోదుగు పూలు లేవు. స్వీడను దేశపోని కానుగ గింజల వ్యాసం. చేదుగ కానుగ నూనె వాసన.

మూలకు, మాసిపోయిన పెన్సిలుతోని, హరికిషన్ ఎన్నడూ చూడని చేతి రాత.

'ఒకటి — దామోదర్.'

దాని కింద, కొత్తగ, తన సొంత చేతి రాతనే...

'రెండు — హరికిషన్.'

నెల రోజులకు ఆయన సిద్దిపేటకు వచ్చి, ఆ కాయితాలు మామ చేతుల పెట్టి, కార్డు పీకిన కాడికెల్లి అన్నీ చెప్పి, కండ్ల నీళ్లు పెట్టుకున్నడట. చదువు ఇడిచిపెట్టి ఇప్పుడు హుస్నాబాదుల బాపు దుకాణంల కూసుంటుండు. బట్ట మాత్రం తన చేతులతోని చింపడట. గుమాస్తా చింపుతుంటే లేచి బయటికి పోతడట.

మామ ఆ కాయితాలు నాకు చూపెట్టిండు. రెండు పేర్లు నా కండ్లతోని చూసిన.

"సచ్చినోనికి చప్పుడే గని కత్తి పట్టే చెయ్యి ఉండదు గదరా" అన్నడు మామ. "అసొంటి కడుపు మంట ఉన్నోడు ఎవడన్న వస్తడా అని రెండేండ్లు చూసినట్టున్నడు. వానితోని కోయిచ్చుకున్నడు."

"అయితే ఇగ చప్పుడు ఆగిపోయి ఉంటది, మామా. ఆయన కోరిక తీరింది కద."

 ఆ రాత్రి మామ నన్ను ఎంట తీసుకొని బంగ్లా గోడ దాక వచ్చిండు. నోటి మీద వేలు పెట్టిండు. ఇద్దరం నిలవడి ఇన్నం.

సర్ర్...

ఆగింది. ఊపిరి తీసేంత సేపు.

దాని ఎనుకనే, 'రెండు' అని పేరు రాసుకున్నోనిదోలె, ఇంకొంచెం మెల్లగ, ఇంకొక కత్తి...

సర్ర్.