పొడుగోడి ఊపిరి

గని వెనక బీడులో నడుమెత్తు ఇనప గొట్టం ఒకటుంది. చీకటి పడితే అటు కుక్క కూడా పోదు. ఎందుకంటే — అది ఊపిరి తీస్తుంది.

నిజంగానే. మబ్బు పట్టిన రాత్రి హుస్స్... మని ఊదుతుంది. ఎండెక్కే పొద్దున లోపలికి పీలుస్తుంది. "కింద పొడుగోడున్నాడుగా..." అంటారు జనం, గొంతు తగ్గించి.

పొడుగోడు బొగ్గు కొట్టేవాడు. లోతున బొగ్గులో గ్యాస్ బిగబట్టుకుని ఉంటుందట. ఓ రోజు ఆ బొగ్గు గోడ ఫెళ్లున పేలి, బొగ్గుపొడి వరదలా వచ్చి వాణ్ణి కప్పేసింది. గ్యాస్ ఆగలేదు. వెతకడం మానేసి సొరంగం మూసేశారు. గ్యాస్ పోవడానికి పైనుంచి ఈ గొట్టం దించారు. వాడు మాత్రం పైకి రాలేదు.

మా బాబాయి గనిలో గ్యాస్ చూసే మనిషి. ఇది ఆయన చెప్పిందే.

ఓ రాత్రి ఉరుములు. డ్యూటీ దిగి బీడుకి అడ్డంపడి వస్తున్నారు — బాబాయి, ఓ ఫిట్టరు.

"దెయ్యం కనిపిస్తే నువ్వు గ్యాస్ చూడన్నా, నేను నా దారి చూసుకుంటా," అన్నాడు ఫిట్టరు.

గొట్టం గట్టిగా ఊదుతోంది... దానివైపే ఓ దీపం కదులుతూ పోతోంది. వెనకాల తెల్లగా ఏదో...

ఫిట్టరు లగెత్తాడు. బాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి — దెయ్యానికి కాదు, దీపానికి. గ్యాస్ ఊదే గొట్టం దగ్గర నిప్పు!

ఒక్క ఉరుకున పోయి దీపం లాక్కుని ఆర్పేశాడు.

చీకట్లో గొంతు — "ఎందుకార్పావు తమ్ముడూ? అంత పొడుగు పెరిగాడే గానీ... వాడికి చీకటంటే భయం."

పొడుగోడి అమ్మ. భుజాన తెల్ల దుప్పటి.

బాబాయి చెప్పాడు. వాన ముందు పైన గాలి బరువు తగ్గుతుంది, కింది గ్యాస్ పైకొస్తుంది. వాన వెలిసి బరువు పెరిగితే గాలి లోపలికి పోతుంది. "అంతే అక్కా. వాడు కాదు."

"తెలుసు. అందరూ చెప్పారు." గొట్టంకేసి తిరిగింది. "మరి ఊపిరంటే... గాలి పోయి రావడమేగా?"

బాబాయి ఆరిన దీపం పక్కన పెట్టాడు.

"ఇవాళ నువ్వు కాలిపోయేదానివక్కా. ఈ గొట్టం మూసేయించక తప్పదు..."

ఆవిడ గొట్టం మీద చెయ్యేసి చాలాసేపు నిలబడింది. వాన మొదలైంది.

"ఇప్పుడొద్దు," అంది గుసగుసగా. "ఊదేస్తున్నాడు."

మర్నాడు వాన వెలిసింది. మూతేసేవాళ్లు వచ్చి గొణుక్కుంటున్నా ఎండెక్కేదాకా బాబాయి ఎవర్నీ గొట్టం ముట్టుకోనివ్వలేదు. ఆవిడ దుప్పటి అంచు దాని మూతికి పెట్టి చూస్తోంది... చూస్తోంది...

గొట్టం బట్టని మెల్లగా లోపలికి లాగింది. నిండా పీల్చినట్టు.

"ఊఁ..." అంది. "ఇప్పుడు మూయండి."