రెండో చిల్లు

కోతుల వాగు దాటి కొండ మలుపు తిరిగిందో లేదో, వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బయలుదేరిన మూడు రోజుల్లో ఇది పదకొండోసారి. ఆగిన ప్రతిసారీ ఈశ్వరమ్మే దిగి చక్రం కింద రాయి పెట్టింది కనుక, ఆ సంఖ్య ఆమె నడుముకు బాగా గుర్తుంది.

ఆమె భర్త రుద్రాచారి గిద్దలూరులో ముప్పయ్యేళ్లు లారీలు బాగుచేసిన మేస్త్రీ. తుక్కు కింద పోబోయే డీజిలు వ్యాను ఒకదాన్ని తెచ్చి, పదేళ్లు ఓపిగ్గా కూర్చుని ఇల్లుగా మార్చాడు. లోపల మంచం, మంచం కింద డీజిలు ట్యాంకు, దాని పక్కనే పప్పుల డబ్బాలు. అంత చేసినవాడు ఇప్పుడు ఇంజను ముందు చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఫిల్టరు మార్చాడు. పైపుల్లో నోటితో ఊదాడు. చేతిపంపు కొట్టి గాలి తీశాడు. ట్యాంకు ముల్లు సగానికి పైనే చూపిస్తోంది. గంటసేపు వదిలేస్తే బండి ఏమీ ఎరగనట్టు కదిలేది. అరగంట నడిచి మళ్లీ ప్రాణం విడిచేది.

"రోగమేందో చెప్పి చచ్చినా బాగుండు," అని గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ గుడ్డ మొహం కంటే నల్లగా ఉంది.

దీనికంతటికీ మూలం ఒక రాగిరేకు. మొన్న వేసవిలో పాత కొలిమి తవ్విస్తుంటే బయటపడింది. రుద్రాచారి తాత బంగారప్పని చేసేవాడు. దోపిడీ దొంగల భయం పుట్టినప్పుడు, పెళ్లాం కోసం ఏడేళ్లపాటు కాసు కాసూ చేర్చి చేసిన కాసులపేరును ఇత్తడి పెట్టెలో పెట్టి, పెదకొండ గవిలో తేనె కారే రాతికింద దాచానని ఆ రేకుమీద గీశాడు. ఇల్లు చేరిన వారానికే జ్వరంతో పోయాడు. ఆ ఇల్లాలు నగ ముట్టకుండానే ముసలిదై పోయింది. దాన్ని తెచ్చి ఈశ్వరమ్మ మెడలో వేస్తేగాని తన చేతులకు శాంతి లేదని రుద్రాచారి పంతం పట్టాడు. తనకిప్పుడు నగ కంటే నడుం వాల్చడానికి ఒక పూట కావాలని ఆమెకు ఉంది గాని, అన్నేళ్ల ఆశను ఒక్క మాటతో తుంచలేక ఊరుకుంది.

దారి చూపడానికి వెంట వచ్చిన చెంచు బయ్యన్న గంటసేపు చెట్టుకింద చుట్ట కాల్చుకున్నాడు. బండి కదిలాక కొండ అడుగుకు చేరేసరికి మధ్యాహ్నమైంది.

పైన గవి, అదే ఆ గుహ, నోరు తెరుచుకుని ఉంది. దాని కప్పు నిండా మనిషంత పొడవు తేనెపెరలు నల్లగా వేలాడుతున్నాయి. వాటిలో నడిమి పెరను తమవాళ్లు తరాలుగా ముట్టరని బయ్యన్న చెప్పాడు. ఎక్కేముందు వాగుమట్టితో ఒళ్లు రుద్దుకోమన్నాడు.

"ఆ డీజిలు కంపుతో పోతే ఈగలు లేస్తయి, ఆచారీ."

ముప్పయ్యేళ్లుగా ఒంటికి పట్టిన వాసన రుద్రాచారి ముక్కుకు తెలియదు. మొహమాటానికి అరచేతులు రెండూ మట్టిలో అద్ది, తాడు పట్టుకుని ఎక్కాడు. ఈశ్వరమ్మ కింద దుప్పటి పట్టుకుని మెడ నొప్పెట్టేలా చూస్తూ నిలబడింది. ఆయన నడిమి పెర కిందున్న రాతి సందులోకి చెయ్యి దూర్చాడు. భుజందాకా పోనిచ్చాడు. "ఉందే ఈశ్వరీ, పెట్టె చేతికి తగుల్తాంది," అన్న మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఆ వెంటనే నడిమి పెర అంతా ఒక్కసారి అలలాగా ఒళ్లు విదిల్చింది.

తర్వాత ఆకాశమే హోరెత్తింది. రుద్రాచారి తాడు మీంచి జారుతూ పడుతూ దిగాడు. బయ్యన్న పచ్చి ఆకులకు నిప్పంటించి పొగపెట్టాడు. ఈశ్వరమ్మ దుప్పటి పరిచి మీదపడి ఆయన్ను కప్పేసింది. తనను కుట్టినవాటిని ఆమె లెక్కపెట్టుకోలేదు. ఇద్దరూ కలిసి ఆయన్ను వ్యానులో పడేసేసరికి రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. ఊపిరి ఈలలాగా వస్తోంది. పైన కొండల్లో ఉరిమింది.

"వాగు పొంగేలోపల దాటాల. దాటకుంటే తెల్లారేదాకా ఈడనే," అన్నాడు బయ్యన్న. తెల్లారేదాకా ఆ ఊపిరి నిలవదని ముగ్గురికీ తెలుసు.

రుద్రాచారి పదేళ్లు షెడ్డులో ఇంజను సరిచేస్తున్నన్నాళ్లూ, స్టీరింగు ముందు కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా తొక్కింది ఆమే. రెండుసార్లు బడి మైదానం చుట్టూ నడిపింది కూడా. ఇప్పుడు ఆమె కూర్చుంది. పక్క సీట్లో కూలబడిన ఆయన, కళ్లు కనబడకున్నా, చెవితో విని గేరు మార్చాడు. అట్లా అరగంట వచ్చారు. వాగు కనబడింది, నీళ్లు ఎర్రబడుతున్నాయి. ఒడ్డుకు ఇంకా నాలుగు బారలుండగా వ్యాను దగ్గి ఆగిపోయింది.

పన్నెండు, అనుకుంది ఈశ్వరమ్మ. ఏడుపు కూడా రాలేదు, అంత అలసిపోయింది.

"ట్యాంకులో ఉండాది. పైపు బాగుండాది. డీజిలెందుకు రాదే?" అని ఆయన చీకట్లోకి అడిగినట్టు అడిగాడు.

ఆమె కనీసం కుట్టినచోట రాద్దామని కొత్త ఆముదం డబ్బా తీసి, మేకుతో చిల్లు పొడిచి వంచింది. నాలుగు చుక్కలు పడి ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ ఆ పక్కన రెండో చిల్లు పొడిచింది. ఆముదం ధారగా దిగింది.

ఆ ధార వంక చూస్తూ ఆమె కొయ్యబారిపోయింది.

"ఏమయ్యా, ట్యాంకు మూతకు చిల్లు పెట్టినావా నువ్వు?"

"పెట్టకుండా ఎట్లా? సూదంత చిల్లు. గాలి లోపలికి పోవాల గదా."

"దాన్ని నేను మూసినా."

రుద్రాచారి గేరు మీంచి చెయ్యి తీశాడు.

"యూరియా సంచిలోపలి కవరు కట్టి, పైన మూత బిగించినా. మొదటి రాత్రే, ఆ కంపుకు తల పగిలిపోతాంటే. నీకు చెప్తే మళ్లీ మంచమంతా విప్పుతావని చెప్పలే."

ఆమె మంచంకిందికి పాకి మూత తిప్పింది. ట్యాంకు ఇన్నాళ్లూ బిగబట్టిన శ్వాసను ఉస్సుమని లోపలికి పీల్చుకుంది. కవరు లోపలికి పీక్కుపోయి గిన్నెలా గుంటపడి ఉంది. దాన్ని పీకి పారేసి వచ్చి, ఆయన చెప్పినట్టు పంపు పక్కన చిన్న బోల్టు సగం తిప్పి చేతిపంపు కొట్టింది. ముందు నురగ వచ్చింది. నురగ పోయి నిఖార్సయిన డీజిలు వచ్చేదాకా కొట్టమన్నాడు. భుజం పడిపోతున్నా కొట్టింది. బోల్టు బిగించి తాళం తిప్పింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

"క్లచ్చి తొక్కు. ఇప్పుడు మెల్లగా వదులు. మధ్యలో కాలు ఎత్తొద్దు."

బయ్యన్న ముందు కర్రతో లోతు చూస్తూ నడిచాడు. నీళ్లు చక్రాల ఇరుసును తాకాయి. తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి ఆమె పాదాలు తడిపాయి. బండి పక్కకు జరిగింది, ఆగింది, మళ్లీ రాయి పట్టుకుంది. ఆమె కాలు ఎత్తలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక వెనక్కి చూస్తే తాము దిగిన చోటు కనబడలేదు.

తనవాళ్ల గుడిసెలున్న చెంచుపెంట దగ్గర బయ్యన్న దిగిపోతూ కిటికీ పట్టుకున్నాడు. అమావాస్యనాడు పొగపెట్టి ఆ పెట్టె తానే దింపుకొచ్చి ఇస్తానన్నాడు. రుద్రాచారి వాచిన మొహం ఆమెవైపు తిప్పాడు. ఆ నగ ఎవరికోసమో వాళ్లే చెప్పాలి గదా.

"వొద్దు బయ్యన్నా," అంది ఈశ్వరమ్మ. "అదక్కడ ఉందని తెలిసింది, చాలు. మీవాళ్లు ముట్టనిది మేమూ ముట్టం."

ఆసుపత్రి ఇంకా గంట దూరం. అరగంట దాటింది. ఇంజను దగ్గలేదు. రుద్రాచారి ఊపిరిలో ఈల వినబడుతూనే ఉంది గాని, పెరగలేదు. ఆయన చెయ్యి గేరు మీదే ఉంది, ఆమె చెయ్యి దానిమీద ఉంది. మూత సందులోంచి డీజిలు కంపు లేచి వ్యానంతా నిండింది.

"తల నొస్తాందా?" అని అడిగాడు.

"లేదులే," అంది ఈశ్వరమ్మ. కిటికీ కూడా దించలేదు.