పెంకుల మీది పన్ను

“ఊడిన పన్ను ఏదండి?”

హాసిని అడిగింది ఉదయ్‌ని. జవాబు చెప్పింది అతని నాయనమ్మ వీరరాఘవమ్మ.

“ఇంటిమీదికి ఇసిరేశానమ్మా. అట్టా ఏస్తేనే గదా కొత్తది వచ్చేది.”

“అది పాలపళ్ళకి మామ్మగారూ. ఈయనకి మీసాలొచ్చి ఎన్నాళ్ళయింది?”

రేపల్లె దగ్గరి ఆ ఊళ్ళో దంతవైద్య శిబిరం ముగిసి, మిగతావాళ్ళు వ్యానెక్కి వెళ్ళిపోయారు. బాపట్లలో తమ ఇంటికి వెళ్ళాలని ఆటో కోసం నిలబడిన హౌస్ సర్జన్ హాసినికి, ఎదురింటి అరుగు మీద నోటికి తువ్వాలు అదుముకున్న ఉదయ్ కనిపించాడు. పడవ ఇంజన్ తిప్పుతుంటే హ్యాండిల్ వెనక్కి తన్ని, ముందుపన్ను వేరుతో సహా ఊడొచ్చిందట.

“ఆదివారం వీడికి పెళ్ళిచూపులు,” వీరరాఘవమ్మ నిట్టూర్చింది. “బోసినోటితో ఎట్టా పోతాడో.”

“గంటలోపు తిరిగి పెడితే అతుక్కోవచ్చు. నిచ్చెన ఎక్కడుంది?”

“వానకి పెంకులు జారతాయండి. నేనెక్కుతా,” అంటూ ఉదయ్ లేవబోయాడు.

“కూర్చోండి. మీరు పడితే మిగతా పళ్ళు కూడా వెతకాలి.”

చున్నీ నడుముకి బిగించి ఎక్కేసింది. చినుకుల్లో ఒక్కో వరసా చూసుకుంటూ పోతే, రెండు పెంకుల సందులో పన్ను దొరికింది. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని దిగేసరికి, వీరరాఘవమ్మ ఉప్పూ పసుపూ పట్టుకుని సిద్ధంగా ఉంది.

“రుద్దితే వేరు మీది పొర చచ్చిపోతుందండి. కాసిని పాలుంటే ఇవ్వండి చాలు.”

పాలల్లో మెల్లగా కడిగి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“నోరు తెరవండి. నొప్పి పుడుతుంది.”

“ఇంతకుముందు ఎవరికన్నా పెట్టారా?”

“లేదు. తెరవండి.”

పన్ను సందులో కుదురుకుంది. మడతపెట్టిన రుమాలు కొరికి పట్టుకోమంది. తెనాలిలో తనకి తెలిసిన దంతవైద్యురాలు డాక్టర్ పద్మజకి ఫోన్ చేసి, అతన్ని రేపల్లెలో రైలెక్కించి, తనూ ఎక్కింది.

“మాట్లాడకుండా ఉంటే బాగున్నారండి,” అంది ఎదురుసీట్లోంచి.

ఉదయ్ ఫోన్‌లో ఏదో కొట్టి చూపించాడు. ‘పెళ్ళిచూపులు వద్దని ఇంటికి మెసేజ్ పెట్టేశాను.’

“ఆదివారానికి పన్ను బాగానే కనిపిస్తుంది. భయపడకండి.”

‘పన్ను గురించి కాదు.’

“రుమాలు గట్టిగా కొరకండి,” అని హాసిని కిటికీ వైపు తిరిగింది.

పద్మజ సన్నటి తీగతో పన్నుని పక్కపళ్ళకి కట్టింది. నిలుస్తుందో లేదో రెండు వారాలకి గానీ తెలియదంది. ఆ రెండు వారాలూ హాసిని రోజూ ఫోన్ చేసింది.

“మెత్తటి అన్నమే తింటున్నారా?”

“పకోడీలు తిన్నానంటే తిడతారా?”

“వచ్చి మరీ తిడతాను.”

“అయితే తిన్నానండి.”

రూట్ కెనాల్ అయింది. తీగ విప్పే రోజూ వచ్చింది. పద్మజ పక్కకి జరగగానే, హాసిని వేలితో పన్నుని తాకి చూసింది. పన్ను కదల్లేదు.

“నిలిచింది,” అంది. “అయినా అయిపోలేదు. వేరు లోపల అరగొచ్చు. ఏటా చూపించుకోవాలి.”

“ఎన్నేళ్ళండి?”

“పన్నున్నంతకాలం.”

“అన్నాళ్ళూ మీరే చూస్తారా?”

పద్మజ చేతులు కడుక్కునే నెపంతో బయటకు నడిచింది.

“నేనే చూస్తాను,” అంది హాసిని. అని, ఫోన్ తీసి బాపట్లకి కలిపింది. “నాన్నా, ఇంట్లోనే ఉన్నావా? సాయంత్రానికి వస్తున్నాను. ఒక్కదాన్నే కాదు.”