నాగాయలంక పెట్టెకి జ్వరం

"బందరు లడ్డూ తిన్నారా?" తలుపు అవతల నుంచి గొంతు.

"పళ్ళు బాగాలేవండీ. హల్వాతో సరిపెట్టుకున్నాను."

కోడ్ సరిపోయింది. మచిలీపట్నం కంట్రోల్ రూంలోకి అడుగుపెట్టిన ఏజెంట్ శ్రీచరణ్‌ని చీఫ్ గోవర్ధనరావు కూర్చోమని కూడా అనలేదు. ఆయన తీరే అంత. పనుంటే పెళ్ళికొడుకునైనా నిలబెట్టే మాట్లాడతాడు.

"ఈ మధ్యాహ్నమే రాకెట్ టెస్ట్. గుడివాడలో ఒకటి, నాగాయలంకలో ఒకటి సెన్సార్ బాక్సులున్నాయి. అవి పంపే గాలి పీడనం, ఉష్ణోగ్రత చూసి రాకెట్ దారి లెక్క కడతాం. కొన్నాళ్ళుగా రెండూ పొద్దున సరిగ్గానే మొదలై, పోను పోను తప్పుతున్నాయి. డ్రిఫ్ట్!"

"బ్లూ క్రాబ్ గూఢచారి ముఠా పనా సార్?"

"అదే నా భయం. రాకెట్ సముద్రంలో పడాలి. దారి తప్పితే నాగాయలంక అవతల జాలరిపల్లె మీద పడుతుంది. కారణం పట్టుకో, టెస్ట్ ఆపేస్తాను. ఉత్త అనుమానానికి పైవాళ్ళు ఒప్పుకోరు."

తోడుగా, సెన్సార్లు సరిచూసే కాలిబ్రేషన్ ఇంజనీర్ వేదశ్రీ వచ్చింది. తెల్ల సల్వార్, నల్ల కళ్ళద్దాలు. విదేశంలో పెరిగిందట. బైకు వెనక కూర్చుంటే గుడివాడ దాకా సెంటు వాసనే. శ్రీచరణ్ మెకానిక్ వేషం వేశాడు గానీ దండగ. ఆమె పక్కనుంటే జనం అతన్ని చూస్తేగా!

గుడివాడ బాక్సు మూత గట్టిగా బిగించి ఉంది. గాలి ఆడటానికి అడుగున చిన్న బెజ్జం. దసరా ఆయుధపూజకి పెట్టిన పసుపు బొట్లు పైన ఎండకి వెలిసి ఆనవాలుగా మిగిలాయి. అడుగున నీడలో మాత్రం పసుపు ముద్ద పచ్చగానే ఉంది, సరిగ్గా ఆ బెజ్జం మీద.

"పూజ చేసిన మహానుభావులెవరండీ?"

స్టేషన్ ఇన్‌ఛార్జి కోదండరామయ్య నీళ్ళు నమిలాడు. "నేనేనండీ. పైనా కిందా పెట్టాలి గదాని..."

"పెట్టెకి ఊపిరాడలేదు మాస్టారూ. లోపలి గాలి ఎండకి వేడెక్కితే, అదే బయటి పీడనం అనుకుంది పాపం."

శ్రీచరణ్ ముద్దని పిన్నుతో తవ్వి, సాక్ష్యంగా పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. రీడింగ్ దారికొచ్చింది. చొక్కా చేతికి మాత్రం పసుపు మరక అంటింది.

వేదశ్రీ పకపకా నవ్వింది. "గూఢచారులూ లేరు, గాడిదగుడ్డూ లేదు! అక్కడా ఇదే అయ్యుంటుంది. వెనక్కి వెళ్దాం."

"చూసే వెళ్దామండీ."

నాగాయలంక చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. కాపలాదారు ఏసుబాబు గేటు తీస్తూ అడిగాడు. "రాకెట్టు ఇటేమీ రాదు గదండీ? మా ఆవిడ ఒడ్డున చేపలు ఎండేస్తా ఉందండి."

శ్రీచరణ్ ఒడ్డుకేసి ఓసారి చూశాడు. చరచరా లోపలికి నడిచాడు.

ఇక్కడ బెజ్జం శుభ్రంగా ఉంది. పీడనమూ సరిగ్గానే ఉంది. తప్పుతున్నది ఉష్ణోగ్రత. పక్కన వేలాడుతున్న పాదరసం థర్మామీటర్ కంటే మూడు డిగ్రీలు ఎక్కువ! స్విచ్ ఆపి, బాక్సు చల్లారనిచ్చి మళ్ళీ వేశాడు. మొదట రెండు అంకెలూ కలిశాయి. తర్వాత బాక్సు అంకె మెల్లగా పైకి పాకింది.

"సెన్సార్ పాతబడింది. సాఫ్ట్‌వేర్‌లో మూడు డిగ్రీలు తీసేస్తే పోలా?" అంది వేదశ్రీ.

"జ్వరమొస్తే థర్మామీటర్ మీద అంకెలు చెరిపేస్తామా అండీ?"

నీడవైపు చెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. గుడివాడ బాక్సు ఇలా లేదు. లోపల అదనంగా ఏదో వేడెక్కుతోంది.

అప్పుడు బాక్సు పైన ఎండలో ఉన్న బొట్టు చూశాడు. ఇప్పుడే పెట్టినట్టు పచ్చగా ఉంది. తన చొక్కా చెయ్యి చూసుకున్నాడు. పొద్దుటి మరక దారిలోనే ఎండకి సగం వెలిసిపోయింది. మరి దసరా నాటి బొట్టు ఎలా నిలిచింది? గోటితో గీకాడు. పెచ్చు ఊడింది. పెయింట్!

గబగబా మూత విప్పాడు. మైక్రోకంట్రోలర్ బోర్డు వెనక మరో ట్రాన్స్‌మిటర్, ముట్టుకుంటే చురుక్కుమంటోంది.

వెనక టిక్‌మంది. వేదశ్రీ ఒక చేతిలో బుల్లి పిస్టల్, రెండో చేతిలో అతను పక్కన పెట్టిన వైర్‌లెస్ సెట్.

"అసలు బాక్సు ఫోటో చూసి, బొట్టుతో సహా ఉన్నది ఉన్నట్టే నకలు చేయించాం. ఎక్కడ తప్పింది?"

"పండగ రోజు ఫోటో అయ్యుంటుంది. మా ఎండకి పసుపు నిలవదు. మీకా సంగతి చెప్పే అమ్మమ్మ లేకపోయింది పాపం."

"రాకెట్ లేవగానే ఆ ట్రాన్స్‌మిటర్ దాన్ని ఇటు తిప్పుతుంది. కదిలావో, కాల్చేస్తాను."

వైర్‌లెస్‌లో కౌంట్‌డౌన్ మొదలైంది. పది... తొమ్మిది...

"చచ్చేముందు చెమట తుడుచుకోవచ్చా?"

జేబులో చెయ్యి పెట్టాడు. పొట్లంలో పసుపు ఎండి, నలిగి పొడైంది. ఆమె మొహాన విసిరాడు. నల్ల కళ్ళద్దాలు తలమీదకి నెట్టుకుని ఉందేమో, కళ్ళ నిండా పడింది. కెవ్వుమని కేక, గుండు ఆకాశంలోకి పోయింది.

"రెండు..."

ట్రాన్స్‌మిటర్ తీగ పట్టుకుని లాగేశాడు.

దూరంగా ఉరిమినట్టయింది. ఆకాశంలో తెల్లటి చార నిటారుగా లేచి, సముద్రం మీదకి వంగింది. శ్రీచరణ్ కింద పడ్డ పిస్టల్ అందుకున్నాడు. పరుగెత్తుకొచ్చిన ఏసుబాబు వేదశ్రీ చేతులు వలతాడుతో కట్టేసి, ప్రహరీ గోడ మీదుగా ఒడ్డుకేసి చూశాడు.

"మా ఆవిడ పైకే చూస్తా ఉందండి. దానికేమీ కాలేదండీ!"

ఆ మాటకి శ్రీచరణ్ కళ్ళు చెమర్చాయి. ఈలోగా వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. "గుడివాడలో సాక్ష్యం ఏదో దొరికిందన్నారు. జాగ్రత్తగా ఉందా?"

"మేడమ్‌గారి మొహాన కొట్టేశాను సార్."

"నీ మొహం! ఇంక కోర్టులో ఏం చూపిస్తాం?"

"అది అసలు పసుపు సార్, బందరు వచ్చేలోగా వెలిసిపోతుంది. ఆవిడ వేయించిన పెయింట్ ఉందిగా, తీర్పు దాకా చెక్కుచెదరదు."